లైన్లో మా అవ్వ

ఆ రోజుల్లో తమిళనాడులోని మా కోవిల్‌పట్టిలో ఒక మనిషి టీవీలో కనబడాలంటే రెండే దారులుండేవి: పుట్టాలి, లేదా పోవాలి. పుట్టినరోజు శుభాకాంక్షలకూ కన్నీటి అంజలికీ మధ్య ఆ మనిషి బతికినంత కాలం ఏం చేశాడన్నది మా లోకల్ ఛానల్‌కు పట్టేది కాదు. (పెళ్లి చేసుకుంటే మధ్యలో ఒకసారి కనబడొచ్చు, అదీ కల్యాణమండపం వాళ్లు ప్రకటన ఇస్తేనే.) ఆ ఛానల్ మా నాయనది. పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చే అంగడితో మొదలుపెట్టి, వీధి వీధికీ కేబుల్ వైరు లాగి, చివరికి రైల్వే స్టేషన్ రోడ్డులో రెండు గదులు, ఒక నీలం తెర, ఒక ప్లాస్టిక్ పూలకుండీ పెట్టి దానికి టీవీ అని పేరు పెట్టాడు. నేను ఆయనకు ఒక్కతే కూతురిని. అంటే ఆ నీలం తెరకూ, ఆ పూలకుండీకీ ఏకైక వారసురాలిని.

చెన్నైలో మాస్ కమ్యూనికేషన్ చదివి ఇంటికి వచ్చేసరికి నా బుర్రలో ఒక ఏసీ గది, ఒక తిరిగే కుర్చీ, తలుపు మీద నా పేరున్న ఇత్తడి పలక అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఊళ్లో అవినీతిని బయటపెట్టడం, అధికారులను గడగడలాడించడం, అవార్డు తీసుకునేటప్పుడు ఏ చీర కట్టుకోవాలన్నది కూడా తేల్చేసుకున్నాను. నాయన నా మాటలన్నీ ఓపికగా విని, టిఫిన్ తిన్న చెయ్యి కడుక్కుని, "అంతా సరిమ్మా. కానీ కిందినుంచి రావల్ల" అన్నాడు. నేను వినయంగా తల ఊపాను. పెద్ద పెద్ద సంస్థల వారసులంతా కిందినుంచి వచ్చినవాళ్లేనని నేనూ చదివాను. కాకపోతే మా నాయన కింద అన్నది టీవీ తెర కింద అని మర్నాడు ఆఫీసుకు పోతేగానీ తెలియలేదు. తెర అడుగున ఎర్ర పట్టీలో పరిగెత్తే అక్షరాలు టైపు చేయడం నా మొదటి ఉద్యోగం. తప్పిపోయిన మేక, అద్దెకు ఇల్లు, కొత్తగా తెరిచిన కళ్లద్దాల అంగడి, అసలైన బెల్లంతో చేసిన శెనక్కాయ మిఠాయి. చెన్నైలో నేర్చుకున్న పత్రికా విలువలన్నీ ఉపయోగించి, మేక కొమ్ముల వివరం సొంతదారు దగ్గర రెండోసారి నిర్ధారించుకున్నాను. పట్టీలో ఫోను నంబరు చీమల్లా కనబడుతోందని అంకెలను పెద్దవి చేసింది కూడా నేనే. ఈ సంస్కరణకు నన్ను నేనే చాలా మెచ్చుకున్నాను.

ఆఫీసులో అందరూ నన్ను పాపా అనే పిలిచేవారు. వైర్లూ కెమెరాలూ కంప్యూటర్లూ అన్నీ చూసుకునే ఆయన ఉండేవాడు, అందరికీ వైరన్న. "ఆఫీసులో మేడమ్ అనండి" అని నేను చెబితే, "సరి పాపా, ఇకనుంచి అట్లాగే అంటాను పాపా" అన్నాడు. ఆయనది తమిళం. ఆఫీసులో అందరిదీ తమిళమే, అక్కడ ఉన్నంతసేపు మాది కూడా. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఇది మా నాయన శాసనం. మా తాతల తాతలు పుదూరు పక్కన నల్లరేగడి భూముల్లో వానను నమ్ముకుని సేద్యం చేసినప్పటినుంచీ మా ఇంట్లో మాట తెలుగే. అయితే దాన్ని మాట్లాడటమేగానీ చదివినవాళ్లు లేరు. (ఈ అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.) నాయన బడిలో ఒకనాడు నోరు జారి తెలుగులో ఏదో అన్నాడట. ఆపైన బడి వదిలేదాకా పిల్లలు ఆ మాటతోనే పిలిచి ఏడిపించారట. ఆ మాట ఏమిటో మాకు ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆఫీసు మెట్లెక్కేటప్పుడు మా అమ్మ ఫోను చేసినా తమిళంలోనే జవాబిచ్చేవాడు. ఆమె మాత్రం తెలుగులోనే తిట్టేది.

ఎర్ర పట్టీనుంచి పైకి ఎగబాకి తెర మూలలో ప్రకటనలకూ, అక్కడినుంచి మధ్యలో పుట్టినరోజు శుభాకాంక్షలకూ వచ్చాక, అసలు అవకాశం దగ్గరి ఊరు విరుదునగర్ రూపంలో వచ్చింది. విరుదునగర్‌లో కేబుల్ లైన్లన్నీ ఒక మిరపకాయల వర్తకుడివి. మెడలో పలుపుతాడంత బంగారు గొలుసు ఉండేది గనుక మేం ఆయన్ను గొలుసన్నాచ్చి (అన్నాచ్చి అంటే మా వైపు అన్నగారు) అనుకునేవాళ్లం. ఆయన లైన్లలో మా ఛానల్ వస్తే మేం రెండు ఊళ్ల టీవీ అవుతాం. చెన్నైనుంచి ఒక పెద్ద కంపెనీ కూడా ఆయన చుట్టూ తిరుగుతోంది. వాళ్లు గనక ఆ లైన్లు పట్టుకుంటే, ఆ తర్వాత కోవిల్‌పట్టికి రావడం వాళ్లకు ఒక మధ్యాహ్నం పని. అన్నాచ్చి మా నాయనతో, "ఒక కార్యక్రమం లైవ్‌గా చేసి చూపించండి. మా ఊరివాళ్లు చూస్తే లైన్లు మీవి" అన్నాడట. చేసేదెవరు అన్న ప్రశ్నకు నేను ముందే చెయ్యెత్తి నిలబడ్డాను. అమ్మ మాత్రం వంటింట్లోనుంచే, "ఇది కాలేదంటే ఇంక పిల్లోని చూసేదే. నేను చెప్పేది చెప్పేసితిని" అంది. నా భవిష్యత్తు అటు మిరపకాయలకూ ఇటు పెళ్లికొడుకుకూ మధ్య వేలాడసాగింది.

విరుదునగర్‌లో స్టూడియోకు అన్నాచ్చి తన గోదాం మేడమీది గది ఇచ్చాడు. కింద గోదాంనిండా ఎండుమిరప బస్తాలు. గదికి నేను పోయిన మొదటి రోజే తొమ్మిది తుమ్ములు తుమ్మాను. (లెక్కపెట్టింది వైరన్న. ఆయన తన తుమ్ములు లెక్కపెట్టుకోలేదు.) అద్దె లేని గది గనుక ఎవరం నోరెత్తలేదు. కార్యక్రమానికి విషయం నేనే ఎంచుకున్నాను: విరుదునగర్ తాగునీటి సమస్య. వైరన్న పరోటా గురించి పెట్టమన్నాడు. "ఈ ఊళ్లో నూనెపరోటా గురించి అడిగితే జనం ఫోను పెట్టరు పాపా" అన్నాడు. నేను ఆయనవైపు జాలిగా చూసి, నీటి గురించి పుస్తకాలు తిరగేశాను. అతిథిగా ఊళ్లో అందరూ గౌరవించే రిటైర్డ్ తమిళ పండితుడిని పిలిచాను. తెల్లటి పంచె, నుదుట విభూతి. ఊరు ఊరంతా ఆయన్ను తమిళయ్య అనేది. లైవ్ మొదలుకాకముందే నేను పలికిన 'వణక్కం' విని, "ఇంకొంచెం శుద్ధంగా పలకాలమ్మా" అని మూడుసార్లు పలికించిన మనిషి.

ఆ ఉదయం లైవ్ మొదలైంది. గాజుపలక అవతల మా నాయన కొత్త చొక్కాలో, ఆయన పక్కన గొలుసన్నాచ్చి, యంత్రాల ముందు వైరన్న. నేను ముందుమాట మొదలుపెట్టగానే కింద ఎవరో బస్తా విప్పారు. ఘాటు మెట్లెక్కి, తలుపు సందులోంచి దూరి, సరిగ్గా నా కళ్లలోకి వచ్చింది. "ఈ ఊరి ఆడవాళ్లు బిందె నీళ్లకోసం..." అంటుంటే నా కళ్లనుంచి ధారలు. తమిళయ్య కూడా పైగుడ్డతో కళ్లు ఒత్తుకుంటున్నారు. చూసేవాళ్లకు మేమిద్దరం నీటి సమస్య మీద కుమిలి కుమిలి ఏడుస్తున్నట్టుంది. మొదటి ఫోను వచ్చింది. ఒకాయన తన భార్య పుట్టినరోజుకు పాట వేయమన్నాడు. రెండో ఫోనులో అవతలివాళ్ల టీవీలోంచి నా గొంతే నాకు వినిపించి ఆగిపోయింది. అన్నాచ్చి ఆవులించడం గాజులోంచి కనబడింది. నాయన జేబుగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. అప్పుడు మూడో ఫోను.

"అలో" అంది ఒక గొంతు. ఆ ఒక్క ముక్కకే అది ఎవరి గొంతో నాకు తెలిసిపోయింది.

"వణక్కం, ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?" అన్నాను, అత్యంత శుద్ధమైన తమిళంలో.

"యాడినుంచా? ఇంట్లోనుంచే. ఏమే పాపా, ఎందుకే ఏడుస్తుండావు? నిన్ను ఎవురే ఏమంటిరి?"

మా అవ్వ. నాయనను కన్న తల్లి. కోవిల్‌పట్టిలో మా ఇంటి హాల్లో కూర్చుని, మనవరాలు టీవీలో ఏడవడం చూసి తట్టుకోలేకపోయింది. అక్షరాలు రాకపోయినా అవ్వకు అంకెలు వచ్చు, బస్సు నంబర్లు చూసి నేర్చుకుంది. తెర కింద నేను పెద్దవి చేసి పెట్టిన అంకెలను ఒక్కొక్కటీ నొక్కింది.

"అమ్మా, మీ వీధిలో నీళ్లు సరిగ్గా వస్తున్నాయా?" అని నేను తమిళం వదలకుండా, ఆమె ఎవరో నాకు తెలియనట్టే అడిగాను.

"నీళ్లు యాడ వస్తుండాది? నీ కంట్లోనే వస్తుండాది. ఆ పక్కన పెద్దాయన గూడా ఏడుస్తుండాడే, వాళ్లింట్లో ఎవురన్నా పొయినారా?"

గాజు అవతల నాయన లేచి నిలబడి, కట్ చెయ్యమని వైరన్న భుజం కుదుపుతున్నాడు. వైరన్న చేతులు రెండూ పైకెత్తేశాడు. ("ఓనరు కన్నతల్లి మాట్లాడుతుంటే ఫోను కోస్తే రేపు నా ఉద్యోగం కొయ్యరా?" అని తర్వాత అడిగాడు. న్యాయమే.) ఇక లాభంలేదని నాయన నాతో మాట్లాడే మైకు లాక్కున్నాడు. ఆ కంగారులో వైరన్న ఏ మీట నొక్కాడో, నాయన గొంతు రెండు ఊళ్లకూ వినిపించింది.

"అమ్మా, ఫోను పెట్టు! లైవు పోతుండాది!"

"ఎవురు పోతుండేది?" అంది అవ్వ. "ఓ, నువ్వు గూడా ఆడే ఉండావా? పొద్దున కడుపు కదలలేదంటివే, ఆముదం పోసి పెడితిని గదా, తాగితివా, లేకపోతే చెట్టుకు పోసేసితివా?"

నాయన మైకు వదిలేశాడు. అన్నాచ్చి ఆయనవైపు తిరిగి, "పెద్దామె ఏమంటోంది?" అని తమిళంలో అడిగాడట. (ఈ భాగం వైరన్న చెప్పగా విన్నాను.) నాయన గొంతు సవరించుకుని, "నీటి సమస్యే. భూమిలో నీరు అడుగంటిందట. బోరు కదలడం లేదట" అన్నాడట. అన్నాచ్చి, "అయ్యో" అని తల ఊపాడట.

ఇక్కడ నేను కార్యక్రమాన్ని నిలబెట్టడానికి తమిళయ్యవైపు తిరిగాను. ఆయన పైగుడ్డ ఒళ్లో పడి ఉంది. ఫోను గొంతు వచ్చే స్పీకరువైపు వంగి, ఆ పెట్టెలో మనిషి ఉన్నట్టు చూస్తున్నారు.

"అమ్మా," అన్నారు. "మీది ఏ ఊరు?"

తెలుగులో! నాకు వణక్కం నేర్పిన నోరు అది.

"పుదూరు పక్కమప్పా" అంది అవ్వ. "నువ్వెవురు? మన మాట మాట్లాడుతుండావే!"

"నేను... నేను గూడా మనోళ్లే అమ్మా. మా అమ్మది గూడా పుదూరు పక్కమే. నాకు చిన్నప్పుడే పొయ్యింది. ఈ ఊళ్లో చేర్చి చదివించినారు. అమ్మ పొయ్యినాక నాతో ఎవురూ ఈ మాట మాట్లాడలేదు. మరిచిపొయ్యింటాను."

"మరిచిపోతే ఇప్పుడు మాట్లాడేది ఏమి? బువ్వ తింటివా?"

"తింటిని అమ్మా."

"ఏమి తింటివి?"

"ఇడ్లీ తింటిని."

"ఎన్ని?"

"నాలుగు తింటిని అమ్మా."

ఊళ్లో సగంమందికి తమిళ వ్యాకరణం నేర్పిన పెద్దమనిషి, తెలుగులోకి రాగానే నిక్కరు తొడుక్కున్న పిల్లవాడిలా మాట్లాడుతున్నారు. ఆయన దగ్గర ఉన్న తెలుగు అంతే మరి. తల్లి ఎక్కడ ఆపిందో అక్కడే ఆగిపోయింది. ఆయన కళ్లనుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. అందులో మిరపకాయల వాటా ఎంతో నాకు తెలియదు. ఆ తర్వాత అవ్వ ఆయన ఇంటిపేరు అడిగింది. ఆయన టక్కున చెప్పారు. అవ్వ మా ఇంటిపేరు చెప్పింది. ఇక రెండు ఊళ్లు చూస్తుండగా చుట్టరికం వెతకడం మొదలైంది. ఎవరి పెద్దమ్మను ఏ ఊరికి ఇచ్చారు, ఎవరి మేనత్త ఎక్కడ కాపురం చేసింది, ఎవరి చిన్నాయన ఎడ్లబండి వాగులో బోల్తా పడింది. నేను మధ్యలో రెండుసార్లు "నీటి సమస్య విషయానికొస్తే" అన్నాను. "నువ్వు ఉండే, పెద్దోళ్లు మాట్లాడుతుండాము" అంది అవ్వ. తమిళయ్య కూడా నావైపు చెయ్యి చూపించి ఆగమన్నారు. చీరల అంగడి ప్రకటన వేయాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. చివరికి అవ్వ తీర్పు చెప్పింది: "అట్లయితే నువ్వు నాకు తమ్ముని వరస. తమ్మునివి అయ్యి ఇన్నాళ్లు యాడ పోతివిరా?" తమిళయ్య ఒళ్లోని పైగుడ్డ తీసి మొహం తుడుచుకున్నారు. "సరిప్పా, పొయ్యి మీద పప్పు ఉండాది, మాడిపోతాది. ఆదివారం ఇంటికి రా" అని అవ్వ ఫోను పెట్టేసింది. నాతో ఒక్క మాట చెప్పలేదు.

కెమెరా ఆగింది. నా ఉద్యోగం పోయింది, లైన్లు పోయాయి, పిల్లోని చూసేదే అని నిశ్చయించుకుని గాజు తలుపు తోసుకుని వెళ్లాను. నాయన తల వంచుకుని కూర్చున్నాడు. గొలుసన్నాచ్చి లేచి నిలబడి, గొలుసు సర్దుకుని, నోరు తెరిచాడు.

"నాకు తెలుగొచ్చండీ" అన్నాడు, అచ్చంగా గుంటూరు తెలుగులో. "గుంటూరు యార్డులో మిరపకాయలు కొంటానే జుట్టు నెరిసిపోయిందండీ. మీ బోరుకి ఆముదం మంచిదేనండీ. తాగండి."

నాయన మొహం గోదాంలో సరుకుకంటే ఎర్రగా అయింది. ఈలోగా ఫోన్లు మోగడం మొదలై ఆగలేదు. వెనక మరమగ్గాల చప్పుడు వినబడుతుంటే ఒక నేతపని ఆమె గట్టిగా అరిచి చెప్పింది, టీవీలో మన మాట వినేది ఇదే మొదలని. తిరుత్తంగల్‌నుంచి విరుదునగర్‌కు వచ్చిన ఒకాయన, తన ఇంటిపేరు కూడా మాదేనని, అవ్వకు తాను ఏ వరస అవుతాడో చెప్పమని అడిగాడు. ఒకాయన మాత్రం తమిళ ఛానల్లో ఇదేం భాష అని కోప్పడ్డాడు. "సాంకేతిక లోపం సార్, సరిచేస్తున్నాం" అన్నాడు వైరన్న. అన్నాచ్చి కాసేపు ఆ ఫోన్లు విని, "పెద్దామె వారం వారం వస్తానంటే లైన్లు మీకేనండీ" అని మెట్లు దిగి బస్తాల మధ్యకు వెళ్లిపోయాడు.

తిరుగుదారిలో కారు నాయనే నడిపాడు. నన్ను తిడతాడని ఎదురుచూస్తూ కిటికీలోంచి పత్తిచేలు లెక్కపెడుతూ కూర్చున్నాను. సాత్తూరు దగ్గర కారు ఆపి దిగాడు. రోడ్డు పక్కన దోసకాయలు అమ్మే ఆమె చుట్టూ బస్సు దిగిన జనం గుంపుగా ఉన్నారు. వాళ్లందరి మధ్యనుంచి నాయన వెనక్కి తిరిగి, గట్టిగా, "ఏమే, ఉప్పూ కారం వెయ్యల్లనా, ఒట్టిదే తింటావా?" అని అడిగాడు. గడప బయట నాయన నోట తెలుగు వినడం నాకు అదే మొదలు. ఎవరూ తిరిగి చూడలేదు. ఎవరూ నవ్వలేదు. ఆయనే అటూ ఇటూ చూశాడు, ఎవరూ నవ్వలేదేమిటా అని. "కారం వద్దు నాయనా" అన్నాను. ఆ పూట మా ఇద్దరికీ కారం చాలినంత అయింది.

ఆదివారం తమిళయ్య శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా పొట్లంతో ఇంటికి వచ్చారు. "తమ్ముడూ" అని అవ్వ ఆయనకు పీట వేసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వచ్చారు, ప్రతి వారమూ ఆయన తెలుగు ఒక తరగతి పాసైంది. నా కెరీరు కూడా పైకెగిసింది. అవ్వ వారం వారం ఫోన్లో జనానికి వరసలు కలిపే కార్యక్రమానికి నేను నిర్మాతనయ్యాను. నిర్మాత అంటే అవ్వ కళ్లద్దాలు వెతకడం, పప్పు మాడకుండా పొయ్యి కట్టేయడం, "పెద్దోళ్లు మాట్లాడుతుండాము" అన్నప్పుడు నోరు మూసుకోవడం. అవినీతిపరులెవరూ గడగడలాడలేదు. అమ్మ మాత్రం పిల్లోని చూడటం మానలేదు. ఆ కార్యక్రమం చూసి వచ్చిన సంబంధాల్లోనే ఒకటి చూసి చేసింది. (ఆయనకు తెలుగు వచ్చు, వంట రాదు.)

ఇప్పుడు నాయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మా టీవీ చాలావరకు ఫోన్లలోకి వెళ్లిపోయింది. అవ్వ లేదు, ఆమె తమ్ముడూ లేరు. మొన్న పాత రికార్డింగులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే ఆ రోజు లైవ్ బయటపడింది. ఆఫీసులో కొత్త పిల్లలు అన్నం డబ్బాలు పట్టుకుని వచ్చి చుట్టూ చేరి పడి పడి నవ్వారు. వాళ్లు వెళ్లాక ఒక్కదాన్నే మళ్లీ పెట్టుకుని చూశాను. కార్యక్రమం మొదట్లో ఆ పిల్ల, అంటే అప్పటి నేను, ఎర్రటి కళ్లతో, బిగించిన జడతో, చెన్నైలో నేర్పినట్టు సరిగ్గా కెమెరా వంకే చూస్తూ ఉంటుంది. మధ్యలో గాజుపలక వైపు, తమిళయ్య వైపు చూస్తూ, ఎవరైనా రక్షించేవాళ్ల కోసం వెతుక్కుంటుంది. ఆ తర్వాత, ఎడ్లబండి వాగులో పడిన కథ దగ్గర, బల్ల మీద మోచెయ్యి ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయి, నోరు కొంచెం తెరుచుకుని వింటూ ఉండిపోతుంది. తను తెరమీద ఉందని ఆ పిల్లకు తెలియదు. ఎంత బాగుందో కూడా తెలియదు. ఇన్నేళ్లలో కెమెరా ముందు నేను మళ్లీ ఒక్కసారి కూడా అట్లా కూర్చోలేకపోయాను. అక్కడ బొమ్మ ఆపి, కాసేపు నేనూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూశాను.